లిల్లీ ఆకుల నల్ల గొంగళి పురుగులు, ఐరిస్ తొలిచే పురుగు: మందు కలిపే ముందు ఆకు మెడ విప్పి చూడుండ్రి

మిరుగం పడి రెండు వారాలు దాటిందంటే మా హన్మకొండ మిద్దె మీద ప్రతి ఏడు ఒకటే కథ. పొద్దుగాల చాయ్ గ్లాసు పట్టుకొని పైకి పోతా, రాత్రి దాక నిటారుగ ఉన్న స్పైడర్ లిల్లీ ఆకు నడుముకాడ విరిగి వేలాడుతుంటది, చేతులకు తీసుకొని చూస్తే పైపొర కిందిపొర రెండే మిగిలి ఉంటయ్, నడుమ గుజ్జంత మాయం, పల్చటి పాలిథిన్ కవర్ లెక్క, వెలుతురుకు పెడితే అవతలి దిక్కు నా వేళ్ళు కనబడుతయ్. ఆకు మొదట్ల, అంటే గడ్డ మీద ఆకులు విడిపోయే మెడకాడ, నల్లటి తడి పెంట, నానబెట్టిన ఆవాలు నలిపి పెట్టినట్టు. అది కనబడ్డదంటే పురుగు నిన్నగాక మొన్న వచ్చింది కాదు, వారం అయింది.

ఇప్పుడు ఎందుకు రాస్తున్ననంటే ఈ మధ్య నన్ను ఇద్దరు ముగ్గురు ఇదే అడిగిన్రు. అందులో ఒకతి మా అక్క బిడ్డ, అమెరికాల ఒహాయోల ఉంటది, ఇంటి ముందట వరుసగ ఐరిస్ పెట్టుకుంది, "చిన్నమ్మా, నీ లిల్లీలకు వచ్చిందే నా ఐరిస్ కు కూడ వచ్చింది, నువ్వు కొట్టే మందు పేరు చెప్పు" అని ఫోటో పెట్టింది. చూస్తే అచ్చం అట్లనే ఉంది గని పురుగు వేరే. దాని సంగతి కింద చెప్తా, ముందు మన కుండీల ముచ్చట.

ఐరిస్ అనేది మన దిక్కు తక్కువ. ఆ కిందిరేకుల మీద బొచ్చు ఉండే పెద్ద ఐరిస్ లకు గట్టి చలికాలం కావాలె, వరంగల్ ల మే నెలల 44, 45 డిగ్రీలు కొడితే అవి కుండీలనే ఉడికిపోతయ్. మన నర్సరీలల్ల దొరికేది వాకింగ్ ఐరిస్ అని పసుపు పూలది, ఇంక ఐరిస్ కుటుంబంలదే గ్లాడియోలస్. మిగతాది మొత్తం లిల్లీల రాజ్యం, స్పైడర్ లిల్లీ, రెయిన్ లిల్లీ, అమరిల్లిస్, మే నెలల ఎర్రటి బంతి లెక్క పూసే ఫుట్‌బాల్ లిల్లీ. కుటుంబాలు వేరైనా అన్నిటికీ కింద గడ్డో దుంపనో, పైన కత్తి లాంటి ఆకు, ఆ రెండిటి నడుమ పురుగు దాక్కునే సందు. కాబట్టి చూసుకునే పద్ధతి ఒకటే.

మొదటి ఏడు నేను చేసిన పని చెప్తా, మీరు చెయ్యొద్దు. పురుగుమందుల దుకాణం పోయి "లిల్లీ చెట్లకు పురుగు వచ్చింది" అన్న. ఏం పురుగు, ఎట్ల ఉంది, ఆకు మీదనా లోపటనా, ఆయన అడగలే నేను చెప్పలే. మూడు రకాలు ఒకటే కవర్ల కలిపి ఇచ్చిండు, "అన్నిటికీ పనిచేస్తదమ్మా" అన్నడు. పొద్దున 11 గంటల ఎండల కొట్టిన. సాయంత్రానికి ఆకు అంచులు మాడినయ్, మూడో రోజుకు కుండీ మొత్తం ఎండిన మొక్కజొన్న పొట్టు లెక్క అయింది. సరే మొక్క పోతే పోయింది కనీసం పురుగన్న సచ్చిందా అని గడ్డ పీకి కోసి చూస్తే లోపట నాలుగు, బలిసి, నిమ్మలంగ తింటున్నయ్. మందు మొక్కకు తగిలింది, పురుగుకు తగలలే. ఆ రోజు తెలిసింది నాకు, ఈ పురుగుతోని లొల్లి అంతా మందు గురించి కాదు, అది ఏ రోజు ఎక్కడ ఉంటదన్న దాని గురించి.

ఇప్పుడు ఆ నల్ల పురుగును గుర్తుపట్టుడు. ఒళ్ళంత నలుపు, దాని మీద తెల్ల చుక్కలు, పక్కలకు నారింజ ఎరుపు మచ్చలు, పెద్దదైతే వేలు మీద రెండు కణుపులంత పొడుగు. రంగులు చూస్తే ఎవరో పెయింట్ వేసినట్టుంటది, ఆ రంగే దాని ధైర్యం, ఎందుకంటే లిల్లీ గడ్డలల్ల లైకోరిన్ అనే విషం ఉంటది, దాన్ని తిని బతికే పురుగుకు దాక్కునే అవసరం తక్కువ. మా మిద్దె మీదికి గోరింకలు రోజూ వస్తయ్, కుండీలల్ల అన్నీ కెలుకుతయ్ గని వీటిని ముట్టంగ నేను ఒక్కసారి చూడలే. (ఇదే సందుల ఇంకో మాట, ఈ గడ్డలు చూడనీకె ఉల్లిగడ్డ లెక్కనే ఉంటయ్, పీకినయి వంటింటి దిక్కు పెట్టకుండ్రి, పిల్లలకు కుక్కలకు అందనీయకుండ్రి. రసం తాకితే కొందరికి దురద కూడ పెడతది, గ్లౌజులు లేకుంటే చేతికి పాలిథిన్ కవర్ అన్న తొడుక్కోండి.)

దీని తల్లి రాత్రిపూట తిరిగే రెక్కల పురుగు, ముందు రెక్కల మీద నలుపు, ఎరుపు, పసుపు ముక్కలు ముక్కలుగ, అద్దకం చీర కొంగు కత్తిరించినట్టు. మస్తు అందంగ ఉంటది, మొదట్ల నేను సీతాకోకచిలుక అనుకొని ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్న, నవ్వకుండ్రి. శాస్త్రం పేరు పాలిటెలా గ్లోరియోసే. గ్లోరియోసా అంటే మన అడవినాభి, వానకాలం ములుగు దిక్కు పోతే పొదల మీదికి పాకి ఎరుపు పసుపు మంట లెక్క పూస్తది చూడుండ్రి, అదే. అంటే ఇది మన దేశంల పుట్టి పెరిగిన పురుగే, అడవిల నాభి ఆకు తినుకుంట బతుకుతది, మనం మిద్దె మీద వరుసగ ఇరవై లిల్లీ కుండీలు పెడితే దానికి పెండ్లి విందు. దీని లెక్కనే ఇంకోటి ఉంటది, నలుపు మీద అడ్డంగ పసుపు తెలుపు పట్టీలు, అది ఆకు పొరల నడుమకు ఇంకా తొందరగ దూరుతది. పేరు ఏదైనా చేసే పని ఒకటే, చేయాల్సిన పని కూడ ఒకటే.

అది బతికే క్రమం తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే. తల్లి పురుగు ఆకు కింది దిక్కు గుంపుగ గుడ్లు పెడతది, గసగసాలు అంటించినట్టు. నాలుగైదు రోజులల్ల పిల్లలు బయటికి వస్తయ్, వెంట్రుకంత సన్నగ, అప్పుడు అన్నీ ఒక్కకాడనే ఉంటయ్, ఆకును గీకి తింటయ్, ఆకు మీద తెల్లటి గీతలు పడతయ్. ఇది రెండు మూడు రోజుల ముచ్చట. ఆ తర్వాత చెల్లాచెదురు అయితయ్, ఆకు లోపటికి తొలుచుకొని పోతయ్, అటుమీద కిందికి దిగి మెడకాడికి, ఆఖరికి గడ్డలకు. రెండు మూడు వారాలు తిన్నంక మట్టిలకు పోయి మట్టితోనే గూడు కట్టుకొని కోశం అయితయ్, మల్ల రెక్కలతోని వస్తయ్. వానకాలంల ఒక తరం మీద ఇంకో తరం. అర్థమైంది కదా, మన చేతికి మంచిగ అందేది ఆ గుడ్ల రోజులు, ఆ మొదటి రెండు మూడు రోజులు. లోపటికి దూరినంక పైన ఎంత కొట్టినా అది గొడుగు కింద ఉన్నట్టే.

అందుకే జూన్ నుంచి అక్టోబర్ దాక నేను రెండు రోజులకు ఒకసారి ఆకుల కింద చూస్త. ప్రతి ఆకు చూడవడితే తెల్లారుతది, అట్ల కాదు, కింద కూసొని పైకి చూడాలె. చిన్న స్టూలు వేసుకొని కుండీ ఎత్తుకు కూసుంటే ఆకుల అడుగు దానంతట అదే కనబడతది. గుడ్ల ముద్ద ఉన్న జాగ వరకు ఆకు కత్తిరించి సబ్బునీళ్ళ మగ్గుల వేసుడే. ఇంకోటి, రాత్రి తొమ్మిదింటికి ఫోన్ టార్చ్ తీసుకొని పోండి. టార్చ్ ఆకు వెనకాల పెట్టి ముందు నుంచి చూస్తే ఆకు ఆకుపచ్చ బల్బు లెక్క వెలుగుతది, లోపట పురుగుంటే నల్లటి నీడ కదులుతది, అచ్చం ఎక్స్‌రేల చూసినట్టు. అట్ల కనబడ్డకాడ రెండు వేళ్ళ నడుమ ఆకు పెట్టి గట్టిగ వత్తితే అయిపాయె. మా ఆయనకు ఈ పని చూస్తే ఒళ్ళు జలదరిస్తది గని ఇంత కచ్చితమైన మందు దుకాణంల దొరకదు.

గుంపు చెల్లాచెదురు కానప్పుడు దొరికితే ఆకు మొత్తం కోసి ముంచండి. ఆకు పోతదని పాణం గుంజుకోవద్దు, గడ్డ మంచిగుంటే పదిహేను రోజులల్ల కొత్త ఆకు వస్తది. మగ్గుల నీళ్ళకు ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ చాలు, ఉత్త నీళ్ళల్ల వేస్తే ఈదుకుంట గోడ ఎక్కి వస్తయ్, సబ్బు ఉంటే మునుగుతయ్.

చేతితోని అయిపోనంత ఉంటే బీటీ. పత్తి బీటీ కాదు, పొడి మందు, బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా, కుర్‌స్టాకి రకం అని డబ్బా మీద ఉంటది, గొంగళి పురుగులకు పనిచేసేది అదే. లీటరు నీళ్ళకు 1 నుంచి 2 గ్రాములు. ఇది తాకితే సావదు, తినాలె. కడుపులకు పోయినంక కొన్ని గంటలల్ల తినుడు బంద్ చేస్తది, సచ్చేది రెండు మూడు రోజులకు. చానా మంది తెల్లారి చూసి పురుగు ఇంకా ఆకు మీదనే ఉంది మందు నకిలీ అని పారేస్తరు, కదులుతుందా అని కాదు, కొత్తగ తింటుందా అని చూడుండ్రి. ఎండ తగిలితే ఈ బాక్టీరియా రెండు మూడు రోజులల్లనే సత్తువ పోగొట్టుకుంటది కాబట్టి పొద్దు గూకినంకనే కొట్టాలె, వాన పడితే మల్ల కొట్టాలె, వారానికి ఒకసారి. చిన్న పురుగుల మీదనే దీని ప్రతాపం, బలిసినయి తట్టుకుంటయ్. తేనెటీగలకు, అక్షింతల పురుగులకు దీంతోని భయం లేదు, అందుకే నా చేతికి మొదట వచ్చేది ఇదే.

ఇగ వేపనూనె. అందరు చెప్తరు, సగం మంది తప్పు కలుపుతరు. నూనె నీళ్ళల్ల కలవదు, నేరుగ పోస్తే పైన తేలి, స్ప్రేయర్ ల మొదట ఉత్త నీళ్ళు వచ్చి ఆఖరికి ఉత్త నూనె వస్తది, ఆ ఆఖరి కుండీ మాడిపోతది. నేను అట్ల ఒక ఫుట్‌బాల్ లిల్లీని పోగొట్టుకున్న. పద్ధతి ఏందంటే, ఒక గ్లాసెడు గోరువెచ్చని నీళ్ళల్ల ముందు కొంచెం సబ్బు లిక్విడ్ కలపండి, లేకుంటే రెండు కుంకుడుకాయలు నానబెట్టి పిసికిన రసం, దాంట్ల 5 మిల్లీ వేపనూనె మెల్లగ పోసుకుంట గిలకొట్టండి, మజ్జిగ లెక్క తెల్లగ కావాలె, చుక్క కూడ పైన మెరవొద్దు, అప్పుడు మిగతా నీళ్ళు పోసి లీటరు చేయండి. దుకాణంల 1500 పీపీఎం అని రాసి ఉన్న వేప మందు తెచ్చినా అదే 5 మిల్లీ లెక్క. కలిపింది ఆ పూటనే అయిపోవాలె, తెల్లారికి దాచితే పనికిరాదు. లిల్లీ ఆకుకు పైన మైనం పూత ఉంటది, తామరాకు మీద నీటిబొట్టు జారినట్టు మందు జారిపోతది, అందుకే సబ్బు లేకుంటే ఎంత కొట్టినా కిందనే పడతది. కింది దిక్కు, మెడ సందులల్ల పోయేటట్టు కొట్టండి. కొత్త మొక్కైతే ముందు ఒక్క ఆకు మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. ఏప్రిల్, మే ఎండలల్ల అసలే వద్దు.

వేపచెట్టు దగ్గరున్నోళ్ళకు కషాయం ఇంకా మంచిది, ఖర్చు లేదు. ఎండకాలం చివర్ల రాలిన వేపపండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడకు ఆరబెట్టి గింజలు దాచుకోండి. పప్పు తీసి 50 గ్రాములు దంచి, పల్చటి బట్టల మూట కట్టి, లీటరు నీళ్ళల్ల రాత్రంత నానబెట్టి, పొద్దున మూటను పిండుకుంట పిండుకుంట ఉంటే నీళ్ళు పాల లెక్క అయితయ్, వడగట్టి కొంచెం సబ్బు కలిపి సాయంత్రం కొట్టుడే. రైతులు చెప్పే 5 శాతం కషాయం అంటే ఇదే లెక్క, 100 లీటర్లకు 5 కిలోలు. పోయినేడు గింజలు బూజు పట్టి ఉంటే వాటిల సత్తువ ఉండదు, పారేయండి. వేప పురుగును ఠక్కున సంపదు, తిననీయదు, కుబుసం విడువనీయదు, గుడ్లు పెట్టబుద్ధి కానీయదు. కాబట్టి మొదటి వానకే మొదలుపెట్టి పది రోజులకోసారి కొడితేనే లాభం, మొక్క గుల్ల అయినంక కొట్టి వేపను తిట్టొద్దు.

గడ్డలకు పురుగు పోయిందని ఎట్ల తెలుస్తది? నడిమి ఆకు పట్టి మెల్లగ గుంజితే ఊడి చేతికి వస్తది, వాసన పట్టండి, కుళ్ళిన ఉల్లిగడ్డ వాసన. అప్పుడు పైన కొట్టుడు బంద్, గడ్డ బయటికి తియ్యాలె. మట్టి కడిగి, బొటనవేలుతోని చుట్టూ వత్తి చూడండి, మెత్తగ దిగబడ్డకాడి దాక కత్తితోని తీసేయండి, తెల్లగ గట్టిగ ఉండే భాగం తగిలేదాక. కత్తిని ప్రతి కోతకు స్పిరిట్ తో తుడువండి. కార్బెండజిమ్ మాంకోజెబ్ కలిసి ఉన్న బూజు మందు పొడి లీటరుకు 2 గ్రాములు కలిపి అందుల 20 నిమిషాలు ముంచి, నీడకు రెండు మూడు రోజులు కోత ఆరిందాక పెట్టి, కొత్త మట్టిల మెడ బయటికి ఉండేటట్టు నాటండి. పాత మట్టి అదే కుండీల మల్ల వాడొద్దు, దాంట్ల కోశాలు ఉంటయ్, నల్ల పాలిథిన్ మీద పల్చగ పరిచి ఎండకు పెట్టాలె. మంచిగున్న కుండీలల్ల కూడ వేళ్ళకు తగలకుండ పై మట్టి రెండు అంగుళాలు కెలకండి, గోధుమ రంగు కోశాలు దొరుకుతయ్. వాటిని మాత్రం గోరింకలు వదలవు.

ఇవన్నీ చేసినా ఆగలేదు, నలభై కుండీలు ఉన్నయ్ అంటే అప్పుడు రసాయనం. ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం గుళిక పొడి లీటరుకు 0.4 గ్రాములు, లేకుంటే స్పైనోసాడ్ 45 శాతంది లీటరుకు 0.3 మిల్లీ. రెండిట్ల ఒకటి, కలిపి కాదు. 0.3 మిల్లీ అంటే కండ్ల అందాజతోని పోసేది కాదు, మెడికల్ షాపుల 1 మిల్లీ సిరంజి తెచ్చుకొని అది మందుకే పెట్టుకోండి. పూలు విచ్చి ఉన్నప్పుడు కొట్టొద్దు, తేనెటీగలు వస్తయ్, మందు తడి మీద ఉన్నప్పుడు వాటికి విషం, పొద్దు గూకినంక కొడితే తెల్లారేవరకు ఆరుతది. మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు, గాలి ఎదురు దిక్కు నిలబడకుండ్రి, మిద్దె మీద ఆరేసిన బట్టలు ముందే తీయండి, నీళ్ళ ట్యాంకు మూత చూడండి. ఊర్లల్ల ఇప్పటికీ కొందరు కుండీలల్ల గుళికలు వేయమంటరు. ఆ ఫోరేట్ గుళికలను 2020 డిసెంబర్ 31 తో మన దేశంల బంద్ చేసిన్రు, ఎవరి దగ్గరన్న పాత స్టాక్ ఉంటే ఫుకట్ కు ఇచ్చినా తీసుకోకుండ్రి. నాలుగు లిల్లీ పూల కోసం ఇంట్ల అంత విషం ఎందుకు.

గ్లాడియోలస్ పెట్టినోళ్ళ కష్టం వేరే, అది తామర పురుగు. మిర్చి రైతులకు దీని పేరు చెప్తే చాలు, 2021ల నల్ల తామర పురుగు వచ్చి మన వరంగల్, ఖమ్మం దిక్కు మిర్చి పూతనంత ఎట్ల నాకేసిందో ఎనుమాముల మార్కెట్ కు వచ్చే ఏ రైతునడిగినా చెప్తడు. గ్లాడియోలస్ మీద వచ్చేది ఆ జాతే కాకపోవచ్చు గని వాలకం అదే, పూమొగ్గల పొరలల్ల దూరి రసం గీకుతది. ఆకు మీద వెండి గీతలు, నల్ల చుక్కలు, మొగ్గ విచ్చక అట్లనే ఎండిపోతది. తెల్ల కాగితం మీద మొగ్గను దులిపితే సన్నటి గీతల లెక్క ఉరుకుతయ్, చూపు మందంగ ఉన్నోళ్ళు ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. దీనికి బీటీ పనిచేయదు, బీటీ గొంగళి పురుగుకే. నీలం రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తుకు కట్టండి (పసుపువి తెల్లదోమకు, పేనుబంకకు), ఎండిన మొగ్గల కాడ కోసి కవర్ల కట్టి పారేయండి, వారానికి ఒకసారి వేపనూనె, చెయ్యి దాటితే పైన చెప్పిన స్పైనోసాడ్. మిర్చికాడ నేర్చుకున్న పాఠం ఇక్కడ కూడ పనికొస్తది, ఘాటు మందులు మార్చి మార్చి కొడితే దాన్ని తినే మిత్ర పురుగులు సచ్చిపోయి తామర పురుగు ఇంకా ఎక్కువైతది. పూలు అయిపోయి ఆకు పసుపు పడ్డంక గడ్డలు తీస్తరు కదా, అప్పుడు పాత పొట్టు ఒలిచి పారేయండి, ఆ పొట్టు కిందనే దాక్కొని పైయేడుకు వస్తది. ముడుచుకుపోయిన గోధుమ మచ్చల గడ్డ ఉంటే మంచి వాటితో కలిపి పెట్టొద్దు.

వాకింగ్ ఐరిస్ ఆకులు విసనకర్ర లెక్క ఒకదాన్లకు ఒకటి దూరి ఉంటయ్, ఆ సందులల్ల పిండినల్లి. దూది కిందపడ్డట్టు తెల్లగ కనబడితే అదే. చీమలు వరుస కట్టి ఎక్కుతున్నయంటే ముందు చీమల సంగతి చూడాలె, ఎందుకంటే పిండినల్లి విడిచే తీపి కోసం చీమలే దానికి కాపలా కాస్తయ్, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసుకపోతయ్ కూడ. కుండీ స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి, దోమలు పెట్టకుండ దాంట్ల సబ్బు చుక్క వేయండి. పిండినల్లిని సర్జికల్ స్పిరిట్ ల ముంచిన ఇయర్‌బడ్ తో ఒక్కొక్కటి తుడవాలె, దాని ఒంటి మీద మైనం పొడి ఉంటది కాబట్టి ఉత్త నీళ్ళు, పల్చటి మందు తగలవు. తుడిచినంక వేపనూనె, వారం తర్వాత మల్ల, ఇంకో వారం తర్వాత మల్ల. కుండీ నుంచి మొక్క తీసినప్పుడు వేళ్ళకు కూడ తెల్ల పొడి అంటుకొని ఉంటే మట్టి మొత్తం మార్చుడే.

పేనుబంకకు నీళ్ళ పైపు ఫోర్సుగ పెట్టి కొడితే చాలు, మూడు రోజులు వరుసగ. నత్తలు పురుగులు కావు గని ఆకు తినుట్ల తక్కువేం కాదు, తడి గోనె సంచి కింద క్యాబేజీ ఆకు పెట్టి రాత్రి వదిలేస్తే పొద్దున అన్నీ అక్కడనే ఉంటయ్, ఏరుకోండి. అమరిల్లిస్ ఆకు మీద, పూకాడ మీద ఇటుక ఎరుపు మచ్చలు వస్తే అది పురుగు కాదు, బూజు తెగులు, పురుగు మందు కొట్టి డబ్బులు పోగొట్టుకోకుండ్రి, ఆ ఆకు కోసేసి ఆకుల మీద నీళ్ళు పోసుడు ఆపండి. కొత్తగ నర్సరీ నుంచి ఏది తెచ్చినా, మన దిక్కు వచ్చేవి చానా మట్టుకు కడియం నుంచి లారీలల్ల కిక్కిరిసి వచ్చినవే, రెండు వారాలు మెట్ల కాడ విడిగ పెట్టి చూసినంకనే మిగతావాటిల కలపండి. మా ఇంటికి పిండినల్లి వచ్చింది అట్లనే, ఎనభై రూపాయల మొక్కతోని.

ఇగ మా అక్క బిడ్డ ఐరిస్ సంగతి. ఆమె ఫోటోల ఆకు అంచులు కొరికి చిరిగినట్టున్నయ్, ఆకు పొడుగునా తడి గీత, మొదట్ల రంపపు పొట్టు లెక్క పెంట. అది ఐరిస్ బోరర్, అంటే ఐరిస్ తొలిచే పురుగు, మాక్రోనోక్టువా ఒనుస్టా, అది ఉత్తర అమెరికా పురుగు, మన దగ్గర లేదు. పిల్ల గులాబీ ఛాయల ఉంటది, తల గోధుమ రంగు, మన దానికి ఉన్న సోకులు దీనికి లేవు. పెద్ద తేడా ఏందంటే మన లిల్లీ పురుగుకు వానకాలంల తరం మీద తరం, దానికి ఏడాదికి ఒక్కటే తరం. తల్లి పురుగు చలికాలం ముందు ఎండిన ఐరిస్ ఆకుల మీద గుడ్లు పెట్టి పోతది, గుడ్లు మంచులనే ఉండి ఏప్రిల్, మే దిక్కు పగులుతయ్. అప్పుడు సూదిమొన అంత రంధ్రం చేసి ఆకులకు దూరి, పొరల నడుమ తినుకుంట కిందికి దిగి జులై వరకు దుంపలకు చేరుతది, ఆగస్టు దిక్కు మట్టిల కోశం కట్టి, ఆగస్టు, సెప్టెంబర్ లల్ల రెక్కలతోని బయటికి. దుంపకు అది చేసిన రంధ్రాల నుంచి బాక్టీరియా దూరి మెత్తటి కుళ్ళు పట్టిస్తది, చానా సార్లు మొక్కను సంపేది పురుగు కాదు, ఆ కుళ్ళు.

కాబట్టి ఆమెకు నేను మందు పేరు చెప్పలే, తారీఖులు చెప్పిన. గట్టి మంచు పడ్డంక, కొత్త ఆకు రాకముందు, పాత ఆకులన్నీ నేలమట్టం కోసి కవర్ల కట్టి చెత్తబండికి ఇయ్యాలె, కంపోస్టుల వేయొద్దు, ఆ ఆకుల మీదనే గుడ్లు. ఒక్క ఆ పనికే మొత్తం గుడ్లల్ల చానా వరకు పోతయ్. మే నెలల ఆకు మీద తడి గీత కనబడితే పైనుంచి కిందికి వేళ్ళతోని వత్తుకుంట రావాలె, నేను టార్చ్ పెట్టి చేసే పనే. అక్కడ మట్టిల పోసే మిత్ర నులిపురుగులు అమ్ముతరంట, దుంపల పురుగును వెతుక్కుంట పోయి సంపుతయ్, సాయంత్రం తడి మట్టిల పోయాలె, ఎండకు సస్తయ్. పూలు అయిపోయినంక జులై, ఆగస్టులల్ల దుంపలు విడదీసి నాటుకునే టైం ఎట్లైనా వస్తది, అప్పుడు ప్రతి దుంప వత్తి చూసి, రంధ్రం ఉన్నకాడ కోసి పురుగు తీసి, మెత్తది మొత్తం చెక్కేసి, కోత ఆరినంక దుంప వీపు ఎండకు కనబడేటట్టు పైపైన నాటాలె, లోతుకు పూడిస్తే మల్ల కుళ్ళుతది.

ఆమె జులై చివర్ల వీడియో కాల్ ల దుంపలు తవ్వుకుంట చూపించింది. మూడో దుంప విరగ్గొట్టంగనే లోపట గులాబీ రంగు పురుగు, వేలంత, మెలితిరిగింది, ఆమె కెవ్వుమని ఫోన్ గడ్డిల పడేసింది, పది నిమిషాలు నాకు ఒహాయో ఆకాశం తప్ప ఏం కనబడలే. మల్ల ఫోన్ తీసి "చిన్నమ్మా, ఇంకా పన్నెండు దుంపలు ఉన్నయ్" అన్నది. అన్నీ చూడు బిడ్డా, సబ్బునీళ్ళు దగ్గర పెట్టుకో అని చెప్పిన.